నీలం కన్నంలోంచి అమ్మ గొంతు

"క్యాసెట్లో ఉన్నది కంప్యూటర్లోకి ఎక్కించడం ఎంతసేపు పని? ఒక్క వైరు పెడితే అయిపోతుంది" అన్నారు మావారు, పేపరు మీంచి తలెత్తకుండానే. ఆ ఒక్క వైరుకీ నాకు పదకొండు రోజులు పట్టింది. ఆ పదకొండు రోజుల్లో రెండుసార్లు పప్పు మాడింది, ఒకసారి పాలు పొంగి గట్టంతా పారాయి. అయినా ఆ పని ఒదల్లేదు. ఎందుకు ఒదల్లేదో చెప్పాలంటే ముందు మా ట్రంకుపెట్టె గురించి చెప్పాలి.

మాది కోనసీమలో చిన్న పల్లెటూరు. మా వైపు గల్ఫ్‌కి వెళ్ళిన మనిషి లేని వీధి అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. మా నాన్నగారు 1984లో కువైట్ వెళ్ళారు. ఫోను మాట్లాడాలంటే ఊరు దాటి వెళ్ళాలి, బుక్ చేసి గంటలు కూర్చోవాలి, మూడు నిమిషాల్లో అందరం ఏడ్చి పెట్టెయ్యాలి. ఉత్తరాలు రాద్దామంటే అమ్మ చదువు అయిదో తరగతితో ఆగిపోయింది. రాయడం వచ్చుగానీ, "ఇక్కడ మేమంతా క్షేమం, మీరు క్షేమమని తలుస్తాను" దాటి కలం కదిలేది కాదు. 1986లో మొదటిసారి సెలవుకి వచ్చినప్పుడు నాన్నగారు టూ ఇన్ వన్ తెచ్చారు. అప్పట్నుంచీ మా ఇంట్లో ఉత్తరాలు క్యాసెట్లలోకి మారాయి. సెలవు అయిపోయి తిరిగి వెళ్ళేవాళ్ళెవరైనా ఉంటే, మా అమ్మ వాళ్ళ చేతికి ఒక సీసా ఆవకాయ, ఒక పొట్లం పూతరేకులు, ఒక క్యాసెట్ ఇచ్చేది.

1988లో మళ్ళీ సెలవుకి వచ్చినప్పుడు నాన్నగారు అప్పటిదాకా అందిన అయిదు క్యాసెట్లూ వెనక్కి తెచ్చి పెట్టెలో దాచారు. ఆ తర్వాత అందినవి కువైట్‌లోనే పోయాయి. 1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చిపడింది కదా. ఆ రెండు నెలల్లో లక్షా డెబ్బై వేలమంది దాకా మనవాళ్ళని అమ్మాన్ నుంచి విమానాల్లో ఇండియాకి తీసుకొచ్చారు. వాళ్ళలో మా నాన్నగారొకరు. ఎడారి దాటి, జోర్డాన్‌లో గుడారాల్లో పడుకుని, బొంబాయిలో దిగి, అక్టోబరులో ఇంటికొచ్చారు. భుజానికి ఒక్క రెగ్జిన్ సంచీ ఉంది, అంతే. నాకప్పుడు తొమ్మిదేళ్ళు. ఆయన్ని చూసి ఎవరో అనుకుని నాన్నమ్మ వెనక్కి వెళ్ళి నిలబడ్డానట.

అమ్మ పోయి మూడేళ్ళయింది. నాన్నగారు ఇప్పుడు హైదరాబాదులో మా దగ్గరే ఉంటున్నారు. డెబ్భై ఆరేళ్ళు, చెవులు కొంచెం మందగించాయి. మొన్న వేసవిలో ఊళ్ళో ఇల్లు సర్దినప్పుడు పెట్టె తెచ్చుకున్నాం. తెరిచి చూస్తే అయిదు క్యాసెట్లు కాదు, ఆరున్నాయి. ఆరోది అడుగున, అమ్మ పెళ్ళి పట్టుచీర మడతలో ఉంది. దాని మీద అమ్మ గుండ్రటి అక్షరాలతో "1990 జులై" అని మాత్రం రాసుంది.

నాన్నగారు దాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు. "ఇది నాకు రాలేదే" అన్నారు.

అదీ సంగతి. ఇప్పుడు చెప్పండి, పప్పు మాడితే మాడింది కదా?

కోఠీలో ఒక షాపువాళ్ళు క్యాసెట్‌కి ఇంత అని తీసుకుని పెన్ డ్రైవ్‌లో వేసిస్తారని మావారు కనుక్కొచ్చారు. నాకు మనసొప్పలేదు. అమ్మ నాన్నగారికి చెప్పుకున్న మాటలవి. ఎవరో కుర్రాడు చెవుల్లో పెట్టుకుని వింటూ టీ తాగుతుంటాడన్న ఊహే బాగా లేదు. మనమే చేద్దాం అన్నాను.

ముందు టూ ఇన్ వన్ తిరగలేదు. లోపల ఉండే రబ్బరు బెల్టు బంకలా సాగిపోయింది. కోఠీ గుజరాతీ గల్లీలో ఒక పెద్దాయన బెల్టు మార్చి, హెడ్ స్పిరిట్‌తో తుడిచి, మూడు మాటలు చెప్పారు. ఆ మాటలు మీకూ పనికొస్తాయి. ఒకటి, ముందు పోయినా ఫరవాలేదనుకున్న పాత క్యాసెట్ పెట్టి చూడండి, మంచిది చివర పెట్టండి. రెండు, ఏళ్ళ తరబడి కదలని టేపు చుట్టలు ఒకదానికొకటి అంటుకుని ఉంటాయి, ప్లే నొక్కేముందు ఒకసారి చివరిదాకా ముందుకీ, మళ్ళీ వెనక్కీ తిప్పండి. మూడు, క్యాసెట్ పైఅంచున రెండు చివర్లా ఉండే చిన్న ప్లాస్టిక్ పలుకులు విరిచెయ్యండి, పొరపాటున రికార్డ్ నొక్కినా చెరగదు. ఆ మూడో మాట విన్నప్పుడు నా గుండె కలుక్కుమంది. నేను ఇంటర్ చదివేటప్పుడు అమ్మ క్యాసెట్ ఒకదాని రెండోవైపు రేడియోలోంచి సినిమా పాటలు ఎక్కించుకున్నాను. అమ్మ చూసింది కూడా, ఏమీ అనలేదు.

మొదటిరోజు తేలిక దారి పట్టాను. టూ ఇన్ వన్ ముందు సెల్‌ఫోన్ పెట్టి రికార్డ్ చేశాను. విని చూస్తే మా ఫ్యాను, కింద కూరగాయల బండి, పక్కింటి కుక్కర్ అన్నీ శుభ్రంగా ఉన్నాయి. క్యాసెట్ మాత్రం ఎక్కడో బావిలోంచి వస్తున్నట్టుంది.

తర్వాత మా అమ్మాయి లాప్‌టాప్ తీసుకున్నాను. ఆడాసిటీ అని ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్ ఉంది. 1999లో అమెరికాలో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో ఇద్దరు మొదలుపెట్టారట, ఇప్పటికీ పైసా తీసుకోరు. అది ఎక్కించి, రెండు చివరలా హెడ్‌ఫోన్ పిన్ను ఉండే వైరు కొని, ఒక కొస టూ ఇన్ వన్‌కీ, ఇంకో కొస లాప్‌టాప్‌కీ పెట్టాను. ఎర్ర బొత్తాం నొక్కగానే గీతలు ఊగాయి. సంబరపడిపోయాను. వెనక్కి వేసి వింటే ముందు నా గాజుల చప్పుడు, తర్వాత "వస్తోందా, వస్తోందా" అని నా గొంతే వినిపించాయి.

ఏం జరిగిందో తెలియడానికి ఒక రోజు పట్టింది. ఈ మధ్య లాప్‌టాప్‌లకి ఒక్కటే కన్నం ఉంటోంది. అందులో మైకు పనిచెయ్యాలంటే పిన్ను మీద మూడు నల్లగీతలుండే హెడ్‌సెట్ రకం కావాలి. మామూలు వైరు పెడితే అది హెడ్‌ఫోన్ అనుకుంటుంది, తనలో ఉన్న మైకుతోనే రికార్డ్ చేసేస్తుంది. మీకూ అనుమానం వస్తే లాప్‌టాప్ మీద వేలితో టకటకా కొట్టి చూడండి. గీత ఎగిరిందంటే అది వినేది క్యాసెట్‌ని కాదు, మిమ్మల్నే.

ఇక అటక మీది పాత కంప్యూటర్ దించాల్సి వచ్చింది. దానికి దుమ్ము దులిపి, వెనక చూస్తే మూడు కన్నాలున్నాయి. గులాబీ, ఆకుపచ్చ, నీలం. ఆకుపచ్చ స్పీకర్లకని తెలుసు. గులాబీ పక్కన మైకు బొమ్మ ఉంది కాబట్టి అందులో పెట్టాను. రికార్డ్ నొక్కితే పరికరాన్ని తెరవలేకపోయానని ఒక సందేశం. మళ్ళీ నొక్కితే మళ్ళీ అదే. ఆ సందేశాన్ని ఆ రోజు నలభై సార్లు చూసుంటాను. "అమ్మా, నువ్వు దాన్ని తిడితే అది వినదు, ఇంకా మైకు పనిచెయ్యట్లేదు" అని మా అమ్మాయి నవ్వింది.

సౌండ్ కార్డ్ చెడిపోయిందేమో అనుకున్నాను. అది బాగానే ఉంది. విండోస్ టెన్‌లో సెట్టింగ్స్‌లో ప్రైవసీ అని ఉంటుంది, అందులో మైక్రోఫోన్ అనే చోట, సాఫ్ట్‌వేర్లు మైకు వాడుకోవచ్చా అని ఒక మీట. మా దాంట్లో అది ఆపేసి ఉంది. అసలు వాకిలే గడియ పెట్టి ఉంటే లోపల గదులు వెతికితే ఏం లాభం? ఆ పేజీ చివరిదాకా దిగి డెస్క్‌టాప్ సాఫ్ట్‌వేర్లకి ఉండే రెండో మీట కూడా వెయ్యాలి. పేరుకి మైకు అన్నా, వెనక కన్నాల్లోంచి వచ్చే ఏ శబ్దానికైనా ఆ అనుమతి కావాలి.

మీట వేశాక శబ్దం వచ్చింది. ఎలా వచ్చిందంటే, తగరపు డబ్బాలో గులకరాళ్ళు పోసి ఊపినట్టు. గీతలు తెర పైఅంచుకీ కిందఅంచుకీ గుద్దుకుంటున్నాయి. అది పాత సినిమా పాటల క్యాసెట్ కాబట్టి సరిపోయింది. ఆ పెద్దాయన మాట విననట్టయితే అమ్మ క్యాసెట్‌నే ఇన్నిసార్లు తిప్పి అరగదీసేదాన్ని.

కారణం వంటింటి భాషలో చెప్తాను. మైకు నుంచి వచ్చే శబ్దం చాలా సన్నటి ధార. అందుకని గులాబీ కన్నం దాన్ని ఎన్నో రెట్లు పెద్దది చేసి లోపలికి తీసుకుంటుంది. టేప్ రికార్డర్ నుంచి వచ్చేది అప్పటికే పెద్ద ధార. ఉగ్గుగిన్నె కింద మోటారు పైపు పెడితే ఏమవుతుందో అదే అయింది. నీలం కన్నం పేరు లైన్ ఇన్. అది పెద్ద ధారని ఉన్నదున్నట్టు తీసుకుంటుంది. టేప్ రికార్డర్ పెట్టాల్సింది అందులో.

సరే, నీలంలో పెట్టాను. ఆడాసిటీలో పరికరాల వరసలో లైన్ ఇన్ అన్న పేరే లేదు! ఆ రాత్రి పదకొండింటికి మావారు వచ్చి, "పోనీ రేపు నేను ఆఫీసులో ఎవర్నైనా అడుగుతాలే" అన్నారు. ఆ మాటకి నాకు ఎక్కడలేని పౌరుషం వచ్చింది. పాతికేళ్ళ నుంచీ గ్యాసు స్టవ్వూ, మిక్సీ, ఇన్వర్టరూ బాగు చేయించేది నేను. "మీరు పడుకోండి" అన్నాను.

మర్నాడు దొరికింది. కింద గడియారం పక్కన స్పీకర్ బొమ్మ మీద కుడి మీట నొక్కి, సౌండ్స్‌లోకి వెళ్ళి, రికార్డింగ్ అన్న పేజీ తెరిచాను. అక్కడా మైకు ఒక్కటే ఉంది. ఖాళీ జాగాలో కుడి మీట నొక్కితే, ఆపేసిన పరికరాలు కూడా చూపించమంటావా అని అడిగింది. చూపించమన్నాను. లైన్ ఇన్ బూడిదరంగులో, అలిగి మూల కూర్చున్న కోడలిలా బయటికొచ్చింది. దాన్ని ఎనేబుల్ చేశాను. అయినా ఆడాసిటీలో రాలేదు. ఎందుకంటే అది తెరిచినప్పుడు ఉన్నవాళ్ళనే లెక్కపెట్టుకుంటుంది, తర్వాత వచ్చినవాళ్ళని పట్టించుకోదు. మూసి మళ్ళీ తెరిస్తే వరసలో లైన్ ఇన్ కనిపించింది.

రికార్డ్ నొక్కాను. గీత నెమ్మదిగా, అందంగా ఊగింది. రెండు గీతల్లో పైది ఒక్కటే ఊగింది. మా టూ ఇన్ వన్‌కి ఒక్కటే స్పీకరు, దాని హెడ్‌ఫోన్ కన్నం కూడా మోనోయే, కాబట్టి ఒక వైపే వస్తుంది. అది తప్పేం కాదు. ఆ జంట గీతని విడదీసి, ఖాళీదాన్ని తీసేస్తే సరిపోతుంది. టూ ఇన్ వన్ వాల్యూమ్ మూడోవంతుకి తగ్గించి, మీటర్ ముల్లు సున్నాకి తగలకుండా మైనస్ ఆరు దగ్గర ఆగేలా చూసుకున్నాను. అప్పుడే వంటింట్లో కుక్కర్ కూత వేసింది. ఉలిక్కిపడి వెనక్కి వేసి విన్నాను. కూత పడలేదు! శబ్దం వైరులోంచి వెళ్తోంది కాబట్టి గదిలో ఎవరేం మాట్లాడినా లోపలికి పోదు. ఇరవై ఏళ్ళ సంసారంలో ఇంత ప్రశాంతమైన జాగా నాకు ఇంకోటి కనబడలేదు.

పాత అయిదు క్యాసెట్లూ వరసగా ఎక్కించాను. అరవై నిమిషాల క్యాసెట్‌కి అరవై నిమిషాలూ పడుతుంది, దగ్గర దారి లేదు. నాన్నగారు పక్కన కుర్చీ వేసుకుని కూర్చునేవారు. అన్నిట్లోనూ అమ్మ ఒకటే ధోరణి. "ఏవండీ, ఇక్కడ అంతా బాగున్నాం. మీరు వేళకి తినండి. ఇల్లు బాగానే ఉంది. పిల్లలు బాగున్నారు." మధ్యలో నేను వచ్చి పన్నెండో ఎక్కం అప్పచెప్పి, "నాన్నగారూ, స్కెచ్ పెన్నులు పన్నెండుండే డబ్బా తేవాలి" అన్నాను. తమ్ముడు ఏడ్చాడు. నాన్నగారు నవ్వుకున్నారు.

ఇక ఆరోది మిగిలింది.

దాన్ని ఎలా ఎక్కించాలా అని ఒక పూటంతా ఆలోచించాను. నాన్నగారికి అందని ఉత్తరం అది. ఆయన కంటే ముందు నేను విప్పి చదవడం సరికాదు. పోనీ ఇద్దరం కలిసి విందామంటే, అందులో ఏముందో. చివరికి ఆ నీలం కన్నమే దారి చూపించింది. శబ్దం వినకుండా కూడా రికార్డ్ చెయ్యొచ్చు. స్పీకర్లు తీసేస్తే చాలు. నాన్నగారితో అదే చెప్పాను. "నేను వినను నాన్నగారూ, గీత చూస్తూ కూర్చుంటాను, అంతే." ఆయన తలూపారు.

అలా ఇరవై రెండు నిమిషాలు అమ్మ గొంతుని చూశాను. వినలేదు, చూశాను. గీత పెద్దదయితే గట్టిగా అంటోందనుకున్నాను. మధ్యమధ్య చాలాసేపు సన్నగా అయిపోయేది. ఆ సన్నటి చోట్ల కూడా ఒక చిన్న ముల్లు లేస్తూ ఉండేది, లెక్కపెట్టినట్టు, ఆగకుండా. టేపు పాడయిందేమోనని భయమేసింది.

అయ్యాక నాన్నగారికి హెడ్‌ఫోన్లు పెట్టి, ప్లే నొక్కి, నేను వంటింట్లోకి వెళ్ళిపోయాను. వంకాయలు కోస్తూ కూర్చున్నాను. అరగంట అయింది, పిలుపు లేదు. వెళ్ళి చూస్తే అయిపోయిన గీత ముందు అలాగే కూర్చుని ఉన్నారు. హెడ్‌ఫోన్లు తీసి నాకిచ్చారు. "నువ్వూ విను" అన్నారు.

"ఏవండీ, పోయిన క్యాసెట్లో అంతా బాగుందని చెప్పాను. బాగా లేదండీ" అని మొదలుపెట్టింది అమ్మ.

ఇల్లు కారుతోందట. జూన్‌లో నాకు టైఫాయిడ్ వచ్చి ఇరవై రోజులు మంచం మీద ఉన్నానట. మందులకి రెండు గాజులు అమ్మిందట, నాన్నమ్మకి తెలియకుండా. ఇవన్నీ చెప్పి, ఆగి, "డబ్బు కోసం చెప్పట్లేదు. ఇంకా ఎంత పంపాలని అడక్కండి. ఎప్పుడొస్తారో చెప్పండి. ఉత్తచేతులతో వచ్చినా సరే, వచ్చెయ్యండి. గంజి తాగైనా అందరం ఒకచోట ఉందాం" అంది. ఆ మాట చెప్పేటప్పుడు గొంతు వణకలేదు. ఆవకాయలో ఉప్పెంతో చెప్పినట్టు చెప్పింది.

వెనకాల ఆగకుండా టప్, టప్ అని చుక్కలు పడుతున్నాయి. గిన్నెలో వానచుక్కలు. గీత మీద నేను చూసిన ముళ్ళు అవే.

ఆగస్టు మొదటివారంలో బయల్దేరాల్సిన పక్కూరాయన చేతికి ఇద్దామనుకుని ఉంటుంది. రెండో తారీఖున యుద్ధం వచ్చింది. ఆయన ప్రయాణం ఆగిపోయింది. అక్టోబరులో ఏ మనిషి కోసం ఈ మాటలు చెప్పిందో ఆ మనిషే గుమ్మంలో నిలబడ్డాడు. ఇక క్యాసెట్ ఇవ్వాల్సిన పని ఏముంది? చీర మడతలో పెట్టేసింది.

నాన్నగారు చాలాసేపటికి మాట్లాడారు. "నేను ఉత్తచేతులతో వచ్చానని మీ అమ్మకి లోపల కష్టంగా ఉండేదనుకున్నానే ఇన్నేళ్ళూ. యుద్ధం రాకపోతే ఇంకో రెండేళ్ళుండి డాబా వేసేవాణ్ణని ఎన్నిసార్లు అన్నానో. అన్నప్పుడల్లా నవ్వి లేచిపోయేది. ఎగతాళి అనుకునేవాణ్ణి."

నాకేం చెప్పాలో తోచలేదు. కాఫీ కలిపి తెచ్చాను. ఇద్దరం తాగాం.

మర్నాడు ఒక చిన్న పొరపాటు చెయ్యబోయాను. ఆడాసిటీలో గరగర తీసేసే సదుపాయం ఒకటుంది. మాటల్లేని చోట కాస్త ముక్క చూపించి ఇది గోల అని చెబితే, మొత్తం మీద అలాంటిదంతా తుడిచేస్తుంది. చేసి చూశాను. గరగర పోయింది. దాంతోపాటు చుక్కలూ పలచబడ్డాయి, అమ్మ గొంతు నీళ్ళలోంచి మాట్లాడినట్టయింది. వెంటనే వెనక్కి తీసుకున్నాను. మీరూ శుభ్రం చేసినా సరే, మొదట రికార్డ్ చేసినదాన్ని మాత్రం అలాగే ఒక కాపీ ఉంచుకోండి. మోనోలో అయితే నిమిషానికి అయిదు మెగాబైట్లు అవుతుంది, అరగంటకి నూట యాభై. మన పిల్లల బర్త్‌డే వీడియోల ముందు అదెంత?

ఇప్పుడు ఆరు క్యాసెట్లూ కంప్యూటర్లో, రెండు పెన్ డ్రైవుల్లో, తమ్ముడి దగ్గరా ఉన్నాయి. ఆరోదాన్ని తమ్ముడికి పంపాలా అని అడిగితే నాన్నగారు, "పంపు, వాడు అప్పుడు నాలుగేళ్ళవాడు, వాడికేం తెలుసు, తెలియాలి" అన్నారు. క్యాసెట్ల పలుకులు విరిచి మళ్ళీ పట్టుచీర మడతలోనే పెట్టేశాను.

మీ ఇంట్లో అటక మీదో, బీరువా అడుగునో క్యాసెట్లుంటే ఈ వారమే దించండి. బెల్టు బాగుచేసేవాళ్ళు ఏటేటా తగ్గిపోతున్నారు. సౌండ్ కార్డ్ పలకకపోతే ముందు ప్రైవసీలో మీట చూడండి, తర్వాత ఆపేసిన పరికరాల్ని బయటికి రమ్మనండి, వైరు నీలంలోనే పెట్టండి. అప్పటికీ రాకపోతే నాకు చెప్పండి, చూద్దాం.

నాన్నగారు ఈ మధ్య డాబా సంగతి ఎత్తట్లేదు. నిన్న సాయంత్రం వాన పడుతుంటే బాల్కనీలో కుర్చీ వేయించుకుని, చెవి మిషను పెట్టుకుని కూర్చున్నారు. చలేస్తుంది లోపలికి రండి నాన్నగారూ అంటే, "ఉండమ్మా, కాసేపు వింటాను" అన్నారు.